పెప్సీకో ఒప్పందాలు అర్థం కావాలంటే పంచదార దగ్గర మొదలుపెట్టాలి

శ్రీసిటీ పక్క ఊరి నుంచి ఎంబీఏ చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. పెప్సీకో చరిత్ర మీద, నీళ్ళు, వ్యవసాయం, ప్లాస్టిక్ విషయాల్లో ఆ కంపెనీ వేరే సంస్థలతో కుదుర్చుకున్న ఒప్పందాల మీద ఆమె ప్రాజెక్ట్ రాస్తోంది. "కంపెనీ రిపోర్టులు చదివితే అంతా బాగానే ఉంది. బయటివాళ్ళు రాసింది చదివితే అంతా ప్రచారమే అన్నట్టుంది. ఏది నమ్మాలి సార్? మా గైడ్ రెండూ రాసెయ్యమంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది" అని అడిగింది.

అమ్మా, రెండూ పక్కపక్కన పెట్టి రాస్తే పేజీలు నిండుతాయి. మీకు మాత్రం విషయం అర్థం కాదు. నేను ఇరవై ఆరేళ్ళు కూల్‌డ్రింక్, చిరుతిళ్ళ ఫ్యాక్టరీల్లో నీటి విభాగం చూశాను. ఇప్పుడు ఫ్యాక్టరీలకి వాటర్ ఆడిట్లు చేస్తున్నాను. పెప్సీకోలో ఎప్పుడూ ఉద్యోగం చేయలేదు కాబట్టి లోపలి కబుర్లు నా దగ్గర లేవు. అందరికీ తెలిసిన సంగతుల్నే ఎలా పేర్చుకుని చదవాలో చెప్తాను. నేను చూసే పద్ధతి ఇదీ: కంపెనీ దేనికి భయపడుతుందో ముందు కనిపెట్టండి. ఆ భయం ఉన్నచోట కుదిరిన ఒప్పందం గట్టిగా నిలబడుతుంది. భయం లేనిచోట కుదిరింది నాలుగేళ్ళకే సన్నబడుతుంది. పెప్సీకో భయం సరుకు గురించి. అది ఈనాటి భయం కూడా కాదు.

1893లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, న్యూ బెర్న్ అనే చిన్న ఊళ్ళో కేలబ్ బ్రాడమ్ అనే ఫార్మసిస్టు తన మందుల షాపులో ఒక పానీయం తయారుచేశాడు. మొదట దాన్ని 'బ్రాడ్స్ డ్రింక్' అనేవాళ్ళు. 1898లో పెప్సీ కోలా అని పేరు మార్చాడు, 1902లో కంపెనీ పెట్టాడు. వ్యాపారం బాగా పెరిగింది. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక పంచదార ధర ఆకాశానికి వెళ్ళింది, 1920లో పౌండు 20 సెంట్లు దాటింది. ఇంకా పెరుగుతుందనుకుని బ్రాడమ్ ఎక్కువ ధరకే భారీగా కొని నిల్వ పెట్టాడు. ఆ ఏడాది గడవకముందే ధర ఒక్కసారిగా కూలిపోయింది. గోడౌన్ నిండా ఖరీదైన పంచదార, బయట సీసా అమ్మేది 5 సెంట్లకి. 1923లో కంపెనీ దివాలా తీసింది. పేరునీ ట్రేడ్‌మార్క్‌నీ 30,000 డాలర్లకి అమ్ముకుని ఆయన మళ్ళీ మందుల షాపుకి వెళ్ళిపోయాడు. పానీయం రుచిలో లోపం లేదు, గిరాకీ పడిపోలేదు. ఒక్క ముడిసరుకు లెక్క తప్పి కంపెనీ పోయింది. మీ ప్రాజెక్ట్ మొదటి పేజీలో ఇది ఉండాలి.

తర్వాత చేతులు మారి 1931లో మళ్ళీ దివాలా తీస్తే, లాఫ్ట్ అనే మిఠాయి దుకాణాల కంపెనీని నడిపే చార్లెస్ గుత్ కొన్నాడు. తన దుకాణాలకి కోకాకోలా వాళ్ళు సిరప్ మీద డిస్కౌంట్ ఇవ్వలేదన్న కోపం ఆయనది. మాంద్యం రోజుల్లో అదే 5 సెంట్లకి దాదాపు రెట్టింపు, 12 ఔన్సుల సీసా ఇచ్చి పెప్సీని నిలబెట్టాడు. ఇటు చిరుతిళ్ళ వైపు రెండు కథలూ 1932లోనే మొదలయ్యాయి. శాన్ ఆంటోనియోలో ఎల్మర్ డూలిన్ 100 డాలర్లు పెట్టి మొక్కజొన్న చిప్స్ తయారీ విధానం కొన్నాడు, అదే ఫ్రిటోస్. నాష్‌విల్‌లో హెర్మన్ లే కారులో తిరుగుతూ ఆలూ చిప్స్ అమ్మాడు. 1961లో ఆ రెండు కంపెనీలూ కలిసి ఫ్రిటో లే అయ్యాయి. 1965లో అప్పటి పెప్సీ అధిపతి డొనాల్డ్ కెండల్ పెప్సీ కోలాని ఫ్రిటో లేతో కలిపితే పెప్సీకో పుట్టింది. ఆ రోజుతో ఇది ఉత్త కూల్‌డ్రింక్ కంపెనీగా ఉండడం మానేసింది. ఏటా ఒకే సైజు, ఒకే రకం ఆలుగడ్డ లారీల కొద్దీ రాకపోతే ఆగిపోయే కంపెనీ అయింది. పిజ్జా హట్, టాకో బెల్, కేఎఫ్‌సీ కొన్నారు, 1997లో వాటిని వేరు చేసేశారు. ట్రాపికానా 1998లో, క్వేకర్ ఓట్స్ 2001లో వచ్చాయి. ఇవి ఒక్క పేరాలో చెప్పేసి ముందుకెళ్ళండి.

ఒప్పందాల విషయంలో ఈ కంపెనీకి ఒక పాత అలవాటుంది. డబ్బుతో పని జరగనిచోట వస్తువు మార్చుకుంటుంది. 1959లో మాస్కో ప్రదర్శనలో కెండల్ సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ చేతికి పెప్సీ గ్లాసు అందించాడు. 1972లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. రూబుల్ బయట చెల్లదు కాబట్టి పెప్సీకి బదులు స్తొలిచ్నయా వోడ్కా తీసుకుని అమెరికాలో అమ్ముకున్నారు. 1989 ఒప్పందంలో పాత జలాంతర్గాములు 17 దాకా చెల్లింపు కింద వచ్చాయి, అవి తుక్కుకి వెళ్ళాయి.

మన దేశంలోకి కూడా ఒప్పందం తలుపు తీసుకునే వచ్చింది. 1977లో కోకాకోలా వెళ్ళిపోయాక విదేశీ కోలాలకి దారి మూసుకుపోయింది. 1988లో పెప్సీకి అనుమతి దొరికింది. అప్పుడు భాగస్వాములు పంజాబ్ ప్రభుత్వ సంస్థ పంజాబ్ ఆగ్రో, టాటాల వోల్టాస్. కోలా అమ్ముకోవాలంటే పంజాబ్‌లో పంట కొనాలి, ప్రాసెస్ చేయాలి, ఎగుమతి చేయాలి. అదీ షరతు. విదేశీ పేరు నేరుగా పెట్టకూడదు కాబట్టి సీసా మీద 'లెహర్ పెప్సీ' అని ఉండేది. మా వయసు వాళ్ళకి ఆ లేబుల్ గుర్తుండే ఉంటుంది. హోషియార్‌పూర్ జిల్లా జహూరాలో టమాటా గుజ్జు ఫ్యాక్టరీ పెట్టారు. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంతో కలిసి కొత్త రకాలు, నాటే పద్ధతులు తెచ్చారు. తర్వాత 1990లలో నియమాలు సడలాయి. టమాటా ఫ్యాక్టరీని హిందుస్థాన్ లీవర్‌కి అమ్మేశారు. ఆలుగడ్డ ఒప్పంద సాగు మాత్రం ఆగలేదు, పెరిగింది. టమాటా షరతు కోసం, ఆలుగడ్డ అవసరం కోసం. షరతు పోయాక ఏది మిగిలిందో చూడండి.

ఆలుగడ్డ అవసరం ఎందుకంత గట్టిదో ఒకసారి ఇంట్లోనే తెలుసుకోవచ్చు. కూరగాయల మార్కెట్లో కొన్న దుంపని పల్చగా చక్రాలు కోసి నూనెలో వేయించండి. మధ్యలో మెత్తబడుతుంది, అంచులు గోధుమ రంగుకి తిరుగుతాయి. కూర దుంపలో నీరు ఎక్కువ. కోల్డ్ స్టోరేజీలో ఉంచితే పిండి పదార్థం కొంత చక్కెరగా మారుతుంది. ఆ చక్కెరే నూనెలో నల్లబడుతుంది. చిప్స్ దుంపకి నీరు తక్కువ, పొడి పదార్థం ఎక్కువ ఉండాలి, చక్కెర చాలా తక్కువ ఉండాలి. అందుకే కంపెనీ విత్తనం తనే ఇస్తుంది, ధర ముందే చెప్తుంది, సైజు కొలిచి తీసుకుంటుంది. రైతుకి ధర తెలిసి ఉండడం మేలే, కాదనను. కానీ సైజుకి రాని దుంప ఎవరిదన్న ప్రశ్న రైతు పొలంలోనే మిగిలిపోతుంది.

అక్కడే 2019 గుజరాత్ గొడవ వచ్చింది. ఎఫ్‌సీ5 అనే రకాన్ని పెప్సీకో 2016లో తన పేర రిజిస్టర్ చేయించుకుంది. ఒప్పందం లేకుండా ఆ రకం పండించారని ఉత్తర గుజరాత్ రైతుల మీద కేసులు వేసింది. వాళ్ళలో నలుగురి నుంచి తలా 1 కోటి 5 లక్షల రూపాయలు అడిగింది. నాలుగైదు ఎకరాల రైతుకి ఆ అంకె ఎలా వినిపిస్తుందో మీ ఊళ్ళో ఎవర్నైనా అడగండి. దేశమంతా వ్యతిరేకత రావడంతో అదే ఏడాది మే నెలలో కేసులు వెనక్కి తీసుకుంది. పంట రకాల రక్షణ, రైతుల హక్కుల మీద మనకున్న 2001 చట్టం, 39వ సెక్షన్ రైతుకి విత్తనం దాచుకునే, విత్తే, మార్చుకునే, అమ్ముకునే హక్కు ఇస్తుంది. బ్రాండ్ పేరు పెట్టి విత్తనంగా అమ్మకూడదు, అంతే. రైతు హక్కుల కార్యకర్త కవితా కురుగంటి వేసిన పిటిషన్ మీద 2021 డిసెంబర్‌లో ఆ రిజిస్ట్రేషన్ రద్దయింది. 2023లో ఢిల్లీ హైకోర్టు ఏక సభ్య బెంచ్ ఆ రద్దుని సమర్థించింది. 2024 జనవరిలో ఇద్దరు జడ్జీల బెంచ్ ఆ తీర్పుని పక్కన పెట్టింది. చాలామంది 2021తోనే కథ ముగించేస్తారు, మీరు ఆ తప్పు చేయకండి. రైతుతో కలిసి పనిచేస్తున్నామని చెప్పే చెయ్యి, రైతు మీద దావా వేసిన చెయ్యి రెండూ ఒకటే భయంతో కదిలాయి. ఆ దుంప తన చేతిలోంచి జారిపోకూడదు.

ఇక నీళ్ళు. ఇది నా సబ్జెక్టు, కాస్త ఎక్కువ రాస్తాను.

కూల్‌డ్రింక్ ఫ్యాక్టరీలో నీళ్ళంటే సీసాలోకి వెళ్ళే నీళ్ళు మాత్రమే కాదు. గాజు సీసాలు కడగాలి, ఫ్లేవర్ మారినప్పుడల్లా పైపులూ ట్యాంకులూ కడగాలి, ఫిల్టర్లని వెనక్కి తోసి శుభ్రం చేయాలి, బాయిలర్‌కి, కూలింగ్ టవర్‌కి పోయాలి. ఇవన్నీ తగ్గించడం ఇంజనీర్ల చేతిలో పని, పెద్ద కంపెనీలన్నీ బాగానే తగ్గించాయి. అసలు వివాదం బోరు దగ్గర. కేరళలో పాలక్కాడ్ దగ్గర పుదుశ్శేరి పంచాయతీకీ పెప్సీకీ భూగర్భ జలాల మీద ఏళ్ళ తరబడి నడిచింది. 2003లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కూల్‌డ్రింకుల్లో పురుగుమందుల అవశేషాల మీద నివేదిక ఇచ్చింది. నీళ్ళ విషయంలో కంపెనీలకి నిద్ర పట్టని రోజులవి.

2006లో ఇంద్రా నూయి సీఈఓ అయ్యాక, లాభంతోపాటు సామాజిక లక్ష్యం కూడా అన్న విధానం పెట్టారు. ఒప్పందాలు వరసగా వచ్చాయి. పెప్సీకో ఫౌండేషన్ డబ్బుతో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయపు వాటర్ సెంటర్ వాళ్ళు పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంతో కలిసి రైతులకి టెన్షియోమీటర్లు ఇచ్చారు. అది సన్నటి గొట్టం, కింద మట్టితో చేసిన చిన్న గిన్నెలాంటి మొన. వరి మడిలో గుచ్చి ఉంచితే లోపలి నీటి మట్టం ఆకుపచ్చ పట్టీ దాటి పసుపు పట్టీలోకి దిగుతుంది. అప్పుడే మోటరు వేయాలి. కరెంటు ఫ్రీ, నీళ్ళు ఫ్రీ అయిన పంజాబ్‌లో రైతు చేతికి ఒక కొలత దొరికింది. నాకు బాగా నచ్చిన పని ఇది, ఎందుకంటే ఎవరి మాటా నమ్మక్కర్లేదు, పట్టీ చూస్తే చాలు.

రెండోది వరిని నేరుగా విత్తడం. నారు పోసి, దమ్ము చేసి, నాట్లు వేసే బదులు యంత్రంతో విత్తనం నేరుగా వేస్తారు. మన దగ్గర వెదజల్లే పద్ధతి అంటారు కదా, దానికి దగ్గరి చుట్టం. దమ్ముకి నిలబెట్టే నీళ్ళు మిగులుతాయి, దాదాపు 30 శాతం ఆదా అని కంపెనీ లెక్క. రైతులు ఒప్పుకున్నది నీళ్ళ కోసం కంటే నాట్ల కూలి మిగులుతుందని. కలుపు మాత్రం ఎక్కువ, మొదటి నెల కాపు కాయాలి. 2009 నాటికి భారత్‌లో తాము వాడిన దానికంటే ఎక్కువ నీళ్ళు వెనక్కి ఇస్తున్నామని కంపెనీ ప్రకటించింది. ఆ లెక్కలో వరి పొలాల్లో మిగిలిన నీళ్ళదే పెద్ద వాటా. 2012లో స్టాక్‌హోమ్ ఇండస్ట్రీ వాటర్ అవార్డు కూడా వచ్చింది.

లెక్క అబద్ధం అనను. కానీ భూగర్భ జలం బ్యాంకు ఖాతా లాంటిది కాదు, పంజాబ్‌లో జమ చేసి పాలక్కాడ్‌లో తీసుకోవడానికి. ఒక ఊరి బోరు తగ్గితే ఆ ఊరి బావే ఎండుతుంది. కంపెనీకీ ఇది అర్థమైంది. తర్వాతి లక్ష్యాల్లో, నీటి ఎద్దడి ఉన్నచోట వాడిన నీళ్ళని అదే పరీవాహక ప్రాంతంలో తిరిగి నింపాలన్న మాట చేర్చింది. 2009 లెక్కకీ దానికీ మధ్య ఉన్న ఈ తేడాని మీ ప్రాజెక్ట్‌లో తప్పకుండా చూపించండి. విమర్శ పనిచేసిందనడానికి ఇది నిదర్శనం.

ఒక ఫ్యాక్టరీలో నేను చూసింది చెప్తాను, పేరు అనవసరం. చుట్టుపక్కల ఇంకుడు గుంతలు తవ్వించి, ఒక్కోదానికి ఏటా ఇన్ని లక్షల లీటర్లు అని రిపోర్టులో రాస్తున్నారు. నాలుగో ఏడు ఆడిట్‌కి వెళ్ళాను. గుంత పక్కన బోర్డు మీద మూడు సంస్థల లోగోలు మెరుస్తున్నాయి. గుంతలో జానెడు లోతున బురద పేరుకుని, ఎండి పగిలి ఉంది. వాన నీళ్ళు వచ్చే కాలవ గుంత అంచు కంటే బెత్తెడు కిందికి కుంగిపోయింది. చుక్క నీరు లోపలికి పోదు. గుంత తవ్వడానికి డబ్బుంది, పూడిక తీయడానికి ఎవరి బడ్జెట్‌లోనూ పద్దు లేదు. మూడు సంస్థలూ పక్కవాళ్ళు చూసుకుంటారనుకున్నాయి. లీటర్లు మాత్రం నాలుగేళ్ళూ జమ అవుతూనే ఉన్నాయి. ఆ రోజు నుంచి ఏ ఒప్పందం చూసినా నేను ముందు అడిగేది ఒకటే, ఐదో ఏడు పార పట్టుకునేది ఎవరు?

మీ ఊరి పక్క శ్రీసిటీ ప్లాంట్‌ని 2015 ఏప్రిల్‌లో చంద్రబాబు నాయుడు, ఇంద్రా నూయి కలిసి ప్రారంభించారు. 2018లో పెప్సీకో ఫౌండేషన్ వాటర్‌ఎయిడ్ సంస్థకి 42 లక్షల డాలర్లు ప్రకటించింది. పాలక్కాడ్, కర్ణాటకలోని నేలమంగళతో పాటు శ్రీసిటీ ప్రాంతం కూడా అందులో ఉంది. అప్పట్లో మూడుచోట్లా ఫ్యాక్టరీలుండేవి, గమనించారా? 2019లో దక్షిణ, పశ్చిమ ప్రాంతాల బాట్లింగ్ వరుణ్ బెవరేజెస్ అనే వేరే కంపెనీ చేతికి వెళ్ళింది. అంటే ఇప్పుడు బోరు తోడేది ఒకరు, బ్రాండ్ ఇంకొకరిది, ఊళ్ళో పని చేసింది మూడోవాళ్ళు. నీళ్ళ లెక్క ఎవరి రిపోర్టులో ఉందో, ఒకే లీటరు రెండుచోట్ల ఉందేమో వెతకండి.

ప్లాస్టిక్ దగ్గరికొస్తే కథ వేరుగా ఉంటుంది. చిప్స్ ప్యాకెట్ లోపల వెండిలా మెరిసేది సన్నటి లోహపు పూత. గాలి, తేమ లోపలికి రాకుండా, నింపిన నైట్రోజన్ బయటికి పోకుండా అది ఆపుతుంది. రెండుమూడు పొరలు అతికి ఉంటాయి, విడదీయడం కష్టం. బరువు లేదు కాబట్టి చెత్త ఏరేవాళ్ళకి కిలో పోగవ్వాలంటే వందల ప్యాకెట్లు వంగి తీయాలి. సీసా అయితే ఏరుతారు, ప్యాకెట్ని వదిలేస్తారు. 2010లో ఫ్రిటో లే అమెరికాలో సన్‌చిప్స్‌కి మొక్కల నుంచి చేసిన, కుళ్ళి ఎరువయ్యే సంచి తెచ్చింది. పట్టుకుంటే చెవులు హోరెత్తే చప్పుడు. జనం ఫేస్‌బుక్ గ్రూపులు పెట్టి మరీ ఫిర్యాదు చేశారు, అమ్మకాలు తగ్గాయి. కొన్ని నెలలకే చాలా ఫ్లేవర్లకి పాత సంచి తిరిగి వచ్చింది. మంచి ప్రయత్నమే, నాకు నిజంగా బాధేసింది. కానీ ఆలుగడ్డ రకం కుదరకపోతే పదేళ్ళు పరిశోధన చేసే కంపెనీ సంచి చప్పుడు దగ్గర అంత ఓపిక పట్టలేదు.

2025 మేలో కంపెనీ తన లక్ష్యాలు సవరించింది. అవి పక్కపక్కన పెట్టి చూడండి. ఉద్గారాల్లో నెట్ జీరో, అంటే గాలిలోకి వదిలినంతా తిరిగి తీసేసి లెక్క సున్నా చేయడం, దాని గడువు 2040 నుంచి 2050కి జరిగింది. తిరిగి నింపుకునే సీసాలు వగైరా ద్వారా 20 శాతం పానీయాలు అమ్మాలన్న 2030 లక్ష్యం ఎత్తేశారు. నేల బాగుచేసే సాగు లక్ష్యం మాత్రం 70 లక్షల ఎకరాల నుంచి కోటి ఎకరాలకి పెరిగింది. దానికోసం ధాన్యం వ్యాపారంలో పెద్దదైన ఏడీఎం కంపెనీతో 2022లో, వాల్‌మార్ట్‌తో 2023లో ఒప్పందాలు కుదిరాయి. వాల్‌మార్ట్‌తో కలిపి 12 కోట్ల డాలర్లు. పంట దగ్గర లక్ష్యం పెరిగింది, సీసా దగ్గర పోయింది. 1923 గోడౌన్ ఇంకా కళ్ళ ముందుందని నాకనిపిస్తుంది.

పశ్చిమ బెంగాల్లో అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్, లాండెసా అనే భూహక్కుల సంస్థతో చేసిన పని మీద ఒక అధ్యాయం పెట్టండి. సొంత భూమి లేని ఆడవాళ్ళు గుంపుగా కౌలుకి తీసుకుని చిప్స్ ఆలుగడ్డ పండించారు. పొలంలో సగం పని వాళ్ళదే అయినా శిక్షణకి ఎప్పుడూ మగవాళ్ళనే పిలిచేవాళ్ళు, అది మారింది. 2025లో అమెరికా ప్రభుత్వం యూఎస్ఎయిడ్‌నే మూసేసింది. భాగస్వామి మాయమైతే ఏది నిలబడిందో అక్కడ వెతకాలి. అలాగే మన చిత్తూరు వైపు తోతాపురి రైతుని మర్చిపోకండి. మామిడి డ్రింకులకి గుజ్జు అక్కడి నుంచీ వెళ్తుంది. 2025లో ధర పడిపోతే ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని చెప్పాల్సొచ్చింది. ఏ కంపెనీ ఒప్పందమైనా ఎకరాల గురించి, లీటర్ల గురించి మాట్లాడుతుంది. కిలో ధర గురించి ఎన్ని వాక్యాలున్నాయో లెక్కపెట్టండి.

ఇక మీ ప్రాజెక్ట్‌కి. మీరే వెళ్ళి చూసి కొలవడానికి పది ఒప్పందాలు వద్దు, శ్రీసిటీది ఒక్కటి తీసుకోండి. వాటర్‌ఎయిడ్ పనిచేసిన ఊళ్ళ పేర్లు పంచాయతీ ఆఫీసులో దొరుకుతాయి. ట్యాంకు, పైపు, గుంత ఏది కట్టారో ఫోటో తీయండి, తాళం ఎవరి దగ్గరుందో అడగండి, చివరిసారి రిపేరుకి డబ్బు ఎవరిచ్చారో రాసుకోండి. ఊరి బావిలోకి తాడుకి రాయి కట్టి దింపి, తడిసిన చోటు వరకు టేపుతో కొలవండి. మే నెలలో ఒకసారి, ఈశాన్య వానలు వెళ్ళాక డిసెంబర్‌లో ఒకసారి. తేదీ వెయ్యడం మర్చిపోవద్దు. ఆ రెండు కొలతలూ ఇక్కడ పెట్టండి, కంపెనీ లెక్క పక్కన పెట్టి ఎలా చదవాలో కలిసి చూద్దాం.